లివర్ ఆపరేషన్ తర్వాత కండ్లు పచ్చబడితే: జడ్చర్ల నుంచి నా అనుభవం

2025 జనవరి 22న నాకు లివర్ ఆపరేషన్ అయింది. కుడివైపు భాగం మొత్తం తీసేశారు. చేసే ముందు చాలానే చెప్పారు. రక్తం పోతుందన్నారు, పైపులు ఉంటాయన్నారు, కుట్టు ఎంత పొడుగుంటుందో చేత్తో గీసి చూపించారు. కానీ మూడో రోజుకల్లా నా కండ్లు పసుపు రాసినట్టు అవుతాయని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఆ పచ్చదనం పూర్తిగా పోవడానికి రెండు నెలల పైనే పట్టింది. ఆ రెండు నెలలు మా ఇంట్లో ఎవరికీ కంటి నిండా నిద్ర లేదు. ఆపరేషన్‌కు వెళ్లబోతున్న వాళ్లు ఎవరైనా ఇది ముందే చదివితే మా అంత భయపడరని రాస్తున్నాను.

నాకు 36 ఏళ్లు. జడ్చర్లలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. మా ఆయన పోలేపల్లి దగ్గర మందుల కంపెనీలో పని చేస్తాడు. మా పుట్టిల్లు కోస్గి వైపు ఒక ఊరు, మా నాయినకు ఇప్పటికీ గొర్ల మంద ఉంది. ఈ కథకు ఆ గొర్లకు సంబంధం ఉంది కాబట్టి చెప్తున్నాను.

2024 అక్టోబర్ 10, సద్దుల బతుకమ్మ. ఆడుతూ వంగినప్పుడల్లా కుడి పక్కటెముకల కింద రాయి పెట్టినట్టు బరువు. అంతకు ముందు ఏడాదిగా అది గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతూ వచ్చాను. దసరా అయ్యాక 16న మహబూబ్‌నగర్‌లో స్కానింగ్ తీయించుకున్నాను, 1,200 రూపాయలు. స్కాన్ చేస్తున్న మేడం మధ్యలో చెయ్యి ఆపి, "అమ్మా, మీ ఇంట్ల గొర్లున్నయా?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. "ఉన్నయి మేడం, మా నాయినకు ఎనభై దాకా ఉన్నయి" అన్నాను. "మరి కుక్కలు?" "మంద కాడ ఎప్పుడూ రెండు మూడు ఉంటయి." ఆమె తల ఊపి స్క్రీన్ నా వైపు తిప్పింది. లివర్‌లో 13 సెంటీమీటర్ల నీటి తిత్తి, దాని లోపల మళ్లీ చిన్న చిన్న తిత్తులు, పక్కనే ఇంకోటి 6 సెంటీమీటర్లు. హైడాటిడ్ సిస్ట్ అన్నది.

కుక్క పేగుల్లో ఉండే ఒక చిన్న బద్దెపురుగు వల్ల వస్తుందట ఇది. దాని గుడ్లు కుక్క మలంలో పడతాయి, గడ్డితో పాటు గొర్రె కడుపులోకి పోతాయి, చేతులకో నీళ్లకో ఆకుకూరలకో అంటుకుని మనుషుల కడుపులోకీ పోతాయి. లోపల ఏండ్ల తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది. ఇది వింటుంటే నాకు ఒక్కటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఎల్లమ్మ పండగకు గొర్రెను కోస్తే, కార్జం మీద అక్కడక్కడ నీటి బుగ్గలు కనిపించేవి, గోలీ కాయంత, తెల్లగా. "గది పారేయి" అని నాయిన ఆ ముక్క కోసి కుక్కలకు విసిరేవాడు. అవి గాల్లోనే అందుకునేవి. ఆ కుక్కల మెడ పట్టుకునే మేము అన్నం తినే వేళ దాకా ఆడుకునే వాళ్లం. ఆ బుగ్గల్లోనే పురుగు ఉంటుందని, అది తిన్న కుక్క కడుపులో మళ్లీ పెద్దదవుతుందని మాకు ఎవరు చెప్పాలి? మాంసం తింటే వచ్చేది కాదిది. మా చుట్టాల్లో సగం మంది మాత్రం మాంసం మానేశారు, కుక్కలకు మందు వేయించింది ఎవరూ లేరు అప్పటికి.

అక్టోబర్ 21న హైదరాబాద్ పోయాం. సీటీ స్కాన్‌కు 7,500. రెండు తిత్తులు కలిసి కుడి భాగాన్ని దాదాపు మింగేశాయి, కుడి పిత్తనాళానికి ఆనుకుని ఉన్నాయి, అక్కడ పనికొచ్చే లివర్ పెద్దగా మిగల్లేదు, తిత్తి ఒక్కటే తీస్తే కుదరదు, కుడి భాగంతో సహా తీయాలి అన్నారు. మంచి విషయం ఏంటంటే ఎడమ భాగం అప్పటికే తనంతట తాను పెరిగి ఉంది. నవంబర్ అంతా రక్త పరీక్షలకు, ఆరోగ్యశ్రీ కాగితాలకు తిరగడంలోనే పోయింది. అప్రూవల్ రాకముందు చేసిన టెస్టులన్నీ మన జేబులోంచే, దాదాపు 18,000 అయ్యాయి. డిసెంబర్ 16 నుంచి 28 రోజులు ఆల్బెండజోల్ అనే పురుగుల మందు 400 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు వేసుకోమన్నారు. ఆ మందు కూడా లివర్‌ను దెబ్బతీయొచ్చు కాబట్టి రెండు వారాలకోసారి రక్తం చూశారు. సంక్రాంతి ఇంట్లోనే చేసుకుని జనవరి 20న అడ్మిట్ అయ్యాను. అప్పుడు నా బిలిరుబిన్, అంటే కామెర్లు తెలియడానికి రక్తంలో చూసే పచ్చ పదార్థం, 0.8. ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

రక్తం ఇచ్చేవాళ్లు నలుగురు కావాలంటే మా ఆయన కంపెనీ దోస్తులు నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చి ఇచ్చారు. వాళ్ల రుణం తీర్చుకోలేను.

ఆపరేషన్ ఆరున్నర గంటలు పట్టింది. రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. ఐసీయూలో మెలకువ వచ్చాక నొప్పి కంటే దాహం ఎక్కువ బాధపెట్టింది. రెండో రోజు ఫాస్ఫరస్ బాగా పడిపోయిందని సెలైన్‌లో ఎక్కించారు. లివర్ పెరగడం మొదలుపెట్టగానే ఫాస్ఫరస్‌ను లాగేసుకుంటుందట, అందుకని తగ్గుతుందట. పూటపూటకూ ఒక డాక్టర్ వచ్చి రెండు చేతులు ముందుకు చాపి మణికట్టు పైకి వంచమనేవాడు, తారీఖు అడిగేవాడు, నూరులోంచి ఏడు తీసేస్తూ పొమ్మనేవాడు. నేను లెక్కల టీచర్‌ను, అయినా 79 దగ్గర ఆగిపోయి ఏడ్చాను. లివర్ పని సరిగ్గా జరగకపోతే మెదడు మందగిస్తుందని, అది పసిగట్టడానికే అట్లా అడుగుతారని తర్వాత తెలిసింది.

జనవరి 25, శనివారం, నన్ను కిటికీ ఉన్న వార్డుకు మార్చారు. మా అమ్మ నన్ను పగటి వెలుతురులో చూడటం అదే మొదటిసారి. దగ్గరికొచ్చి నా కింది రెప్పను బొటనవేలితో మెల్లగా కిందికి లాగింది. ఆమె చెయ్యి వణకడం నాకు తెలుస్తూనే ఉంది. "గీ కండ్లేందే బిడ్డా, గిట్ల పచ్చగయినయి?" అన్నది. ఫోన్‌లో కెమెరా తెరిచి చూసుకున్నాను. తెల్లగుడ్డు అంతా నిమ్మపండు తోలు రంగు. ఐసీయూలో ఆ ట్యూబులైట్ల కింద ఎవరికీ కనపడలేదు. మా ఆయనకు మాత్రం ఆ పొద్దున 5 గంటలకే రిపోర్టు ఫోన్‌కు వచ్చింది. మొదటి రోజు 2.4, రెండో రోజు 3.9, ఆ రోజు 4.6. నాకు చెప్పకుండా బయట మెట్ల మీద కూర్చున్నాడట రెండు గంటలు.

మాకు తెలిసిన కామెర్లు ఒక్కటే. నీళ్లు బాగాలేక వచ్చేవి, లేకపోతే తాగి తాగి లివర్ పోయినవాళ్లకు చివర్లో వచ్చేవి. మా చిన్నాయిన అట్లనే పోయాడు. కాబట్టి మా అమ్మ మనసులో ఏం నడుస్తుందో నాకు తెలుసు. డాక్టర్‌ను అడిగితే "అది మామూలే, తగ్గుతుంది" అని ముందుకు పోయాడు. ఆ మాట అబద్ధం కాదు, కానీ దాంతో మాకు సగం ధైర్యం కూడా రాలేదు.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్, నల్లగొండ అమ్మాయి, నా మంచం మీద కూర్చుని కేస్ షీటు వెనక బొమ్మ గీసింది. ఎర్ర రక్తకణాలు నాలుగు నెలలు బతికి చచ్చిపోతాయి, వాటిలోంచి ఒక పచ్చ రంగు పదార్థం వస్తుంది, అదే బిలిరుబిన్. అది నీళ్లలో కరగదు. లివర్ దాన్ని లోపలికి తీసుకుని, చక్కెర లాంటి ఒక ఆమ్లాన్ని తగిలించి నీళ్లలో కరిగేలా చేసి, పసరులోకి, అంటే పిత్తరసంలోకి నెట్టేస్తుంది. పసరు పేగుల్లోకి పోతుంది, మలానికి ఆ రంగు అందుకే వస్తుంది. "నీకు ఇప్పుడు మిగిలింది కొంత లివరే అక్కా, అది కూడా దెబ్బతిని వాచి ఉంది. పైనుంచి ఎక్కించిన రక్తంలో పాత కణాలు కూడా పగిలి పచ్చ ఇంకా పెరిగింది. తగిలించే పని బాగానే చేస్తుంది, బయటికి నెట్టే పంపు మొరాయించింది. అందుకే చూడు, 4.6లో 3.1 డైరెక్టే" అన్నది. డైరెక్ట్ అంటే లివర్ తన పని చేసి, బయటికి పంపలేక మళ్లీ రక్తంలోకి వదిలేసింది. కరుగుతుంది కాబట్టి అది మూత్రంలోకి దిగుతుంది, నా మూత్రం ఆముదం రంగులో ఉండటం దాని వల్లే. ఆ కాగితం నేను ఇప్పటికీ దాచుకున్నాను. ఐదు నిమిషాల పని. ఆపరేషన్‌కు ముందే ఎవరో ఒకరు చేసి ఉంటే మా అమ్మ ఆ రాత్రి కారిడార్‌లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది కాదు.

ఆ అమ్మాయే ఇంకో మాట చెప్పింది. ఐదో రోజు చూడాలి, అప్పుడు రెండు అంకెలు కలిపి చూస్తారు. 2005లో ఫ్రాన్స్ డాక్టర్లు పెట్టిన లెక్క అట. ఐదో రోజున బిలిరుబిన్ మన దగ్గరి ల్యాబుల లెక్కలో దాదాపు 3 దాటి ఉండి, దాంతో పాటు రక్తం గడ్డకట్టే శక్తి, అంటే ప్రోత్రాంబిన్, 50 శాతం కంటే తక్కువ ఉంటే అప్పుడు భయపడాలి. ఒక్కటే ఉంటే అంత భయం లేదు.

నాలుగో రోజు ఆదివారం, జనవరి 26. రోడ్డు మీద స్పీకర్లలో జెండా పాటలు. నా స్కూల్లో ఆ టైంకు పిల్లలు వరుసలో నిలబడి ఉంటారు అనుకుంటూ పడుకున్నాను. సోమవారం పొద్దున రక్తం తీసుకుపోయారు, రిపోర్టు 11 గంటలకు. బిలిరుబిన్ 3.8. ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే టైం లెక్క, తగ్గితే మంచిది) 1.4, రెండో రోజు 1.8 ఉండె. మూడు కంటే ఎక్కువే ఉంది కానీ దిగుతుంది, గడ్డకట్టేది బాగుంది. ఆ నల్లగొండ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి బొటనవేలు చూపించింది. మా ఆయన ఆ రోజు క్యాంటీన్‌లో కడుపు నిండా అన్నం తిన్నాడు, ఆరు రోజుల తర్వాత.

అక్కడితో అయిపోలేదు. 28న పొట్టలోంచి వచ్చే డ్రెయిన్ పైపు సంచిలో నీళ్లు ఎరుపు పోయి ఆకుపచ్చ కలిసిన పసుపు అయ్యాయి. పసరు లీకవుతుంది. లివర్ కోసిన చోట ఎక్కడో చిన్న నాళం మూసుకోలేదు, ఇట్లాంటి తిత్తులు ఉన్నవాళ్లకు ఇది ఎక్కువట. డ్రెయిన్ నీళ్లలో బిలిరుబిన్ చూశారు, రక్తంలో కంటే మూడింతలు ఉంటే లీక్ అని లెక్క, నాకు చాలా రెట్లు ఉంది. మొదట కొన్ని రోజులు ఆగుదాం, దానంతట అదే మూసుకుంటుంది అన్నారు. రోజుకు 300 మిల్లీలీటర్లు వస్తూనే ఉంది. సంచి గీతలు చూసి మా ఆయన నోట్‌బుక్‌లో రాసేవాడు, 280, 310, 290.

ఆ రోజుల్లో నన్ను ఎక్కువ భయపెట్టింది మలం రంగు. తెల్ల సుద్ద కలిపిన బూడిద లాగా వచ్చింది. సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, అది పెద్ద తప్పు. పసరు పైపులోంచి బయటికి పోతుంటే పేగుల్లోకి తక్కువ పోతుంది, అందుకే రంగు లేదు. అది డాక్టర్‌కు ముఖ్యమైన సంగతి, మనం చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు. మీకు ఇట్లా అయితే ఫోన్‌లో ఫోటో తీసైనా చూపించండి. దురద కూడా అప్పుడే మొదలైంది, ముఖ్యంగా రాత్రిళ్లు అరచేతులు, అరికాళ్లు. పైన దద్దు ఏమీ ఉండదు, లోపల నుంచి వస్తుంది. నీళ్లలో కలుపుకుని తాగే ఒక పొడి ఇచ్చారు, కొంత తగ్గింది. తడి నూలు గుడ్డ కాళ్లకు చుట్టుకుంటే దానికంటే హాయిగా ఉండేది.

ఫిబ్రవరి 4న ఈఆర్‌సీపీ చేశారు. నోట్లోంచి కెమెరా పంపి పిత్తనాళంలో సన్నని ప్లాస్టిక్ గొట్టం, అంటే స్టెంట్ పెడతారు, అప్పుడు పసరు లీకయ్యే చోటికి పోకుండా సులువు దారిలో పేగులోకి దిగుతుంది. ఇది ప్యాకేజీలోకి రాదని 32,000 కట్టించుకున్నారు. అప్పటికప్పుడు అడిగితే మా తమ్ముడు రెండు పొట్టేళ్లు అమ్మి పంపాడు. ముందే "లీక్ అయితే ఖర్చు ఎవరిది" అని అడిగి ఉండాల్సింది. స్టెంట్ పెట్టిన మూడో రోజుకు డ్రెయిన్ 300 నుంచి 40కి వచ్చింది, 9న పైపు తీశారు, మలం రంగు మామూలైంది. 10న డిస్చార్జ్, బిలిరుబిన్ 3.0. జ్వరం, వణుకు, మళ్లీ తెల్ల మలం, మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా రమ్మన్నారు. కారుకు 3,500.

ఇంటికొచ్చాక అసలు పోరు మొదలైంది. చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ మొదట నా కండ్లే చూసేవాళ్లు. "కామెర్లు ముదిరినయి, ఆకు పసరు పోపియ్యిరి" అన్నది ఒకామె. ఇంకొకాయన మణికట్టు మీద వాత పెట్టే మనిషి ఉన్నాడని ఫోన్ నంబర్ ఇచ్చాడు. మా అత్తమ్మ నా మీద ప్రేమతోనే తెల్లారకముందు ఆటోలో పోయి నేల ఉసిరి పసరు తెచ్చింది, చప్పిడి పత్యం మొదలుపెడదామన్నది, ఉప్పు లేదు, నూనె లేదు, పసుపు లేదు, గుడ్డు అసలే లేదు. అక్కడ డైటీషియన్ చెప్పిందేమో దానికి పూర్తిగా ఎదురు, రోజుకు నాలుగు కోడిగుడ్ల తెల్లసొన, పప్పు, పెరుగు, లివర్ పెరగాలంటే ప్రోటీన్ కావాలి. నేను గిన్నె పట్టుకుని అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆ నల్లగొండ అమ్మాయి గీసిన కాగితం తీసి చూపించి, "అత్తమ్మా, ఇది రోగమొచ్చి అయిన పచ్చ కాదు. సగం పోయిన లివర్ మళ్లీ తయారవుతుంది, దానికి ఇప్పుడు తెలియని ఆకు ఏది పోసినా అదే అరిగించుకోవాలి" అన్నాను. ఆమె చాలాసేపు ఆ బొమ్మ చూసింది. "నాకు చదువు రాదు, నువ్వు చెప్పినవ్ గద, సరే" అని లేచి పసరు వాకిట్ల పారబోసి, రెండు గుడ్లు ఉడకబెట్టి తెచ్చింది. జొన్నరొట్టె, పెసరపప్పు, గుడ్డు, ఆ నెలంతా నాకు అదే తిండి. కామెర్లకు పత్యం చేయించాలని పట్టుబట్టే పెద్దవాళ్లను కసరకండి, కూర్చోబెట్టి చెప్పండి, వింటారు.

ఒక అనుమానం మాత్రం నాకే ఉండింది. ఇంటికొచ్చిన వారానికి మూత్రం నీళ్లలా తేటగా అయింది, దురద పోయింది, ఆకలి వేస్తుంది, కండ్లు మాత్రం పచ్చగానే. ఇది ఎట్లా? ఫిబ్రవరి 20 చెకప్‌లో అడిగాను, 2.1 ఉంది ఆ రోజు. ఎక్కువ రోజులు పచ్చ ఉన్నవాళ్లలో కొంత బిలిరుబిన్ రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్‌కు గట్టిగా అతుక్కుపోతుందట, డెల్టా బిలిరుబిన్ అంటారు. అది మూత్రంలోకి దిగదు. ఆ అల్బుమిన్ అరిగేదాకా దాంతోనే తిరుగుతుంది, సగం తగ్గడానికే రెండు మూడు వారాలు. అంటే లివర్ బాగుపడ్డాక కూడా కండ్లు వెనకబడి వస్తాయి. ఇది తెలిసిన రోజు నుంచి అద్దం చూడటం తగ్గించాను.

ఇంకోటి, మధ్యలో ఆగలేక జడ్చర్లలో ఒక ల్యాబ్‌లో చేయిస్తే 2.6 వచ్చింది, అనుకున్నంత తగ్గలేదని రాత్రంతా ఏడ్చాను. రెండు రోజుల తర్వాత హైదరాబాద్‌లో అదే 2.1. ఒకే ల్యాబ్‌లో చూపించుకోండి, మొదటి రోజు నుంచి అంకెలన్నీ ఒకే కాగితం మీద రాసుకోండి. ఒక్క అంకె చూస్తే భయమే, వరుసగా చూస్తే ఎటు పోతుందో తెలుస్తుంది.

మార్చి 6న 1.4. మార్చి 27న 0.9. ఏప్రిల్ 3న స్టెంట్ తీశారు, పది నిమిషాల పని, 9,000. స్టెంట్ తీయించుకోవడం మర్చిపోయి ఏడాది తర్వాత చీము పట్టి వచ్చిన వాళ్లను అక్కడ చూశాను, తారీఖు క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. ఏప్రిల్ నెలాఖరు స్కాన్‌లో ఎడమ భాగం బాగా పెరిగి దాదాపు మామూలు లివర్ అంత అయింది. మొత్తం మీద ఆరోగ్యశ్రీ పోగా మా చేతి నుంచి లక్షా నలభై వేల దాకా అయ్యాయి, రెండు నెలల జీతం పోవడం దీంట్లో కలపలేదు.

మా పుట్టింట్లో అందరికీ స్కానింగ్ తీయించాను. అమ్మకు, నాయినకు ఏమీ లేదు. తమ్ముడికి 3 సెంటీమీటర్ల తిత్తి ఉంది, సున్నం పట్టి గట్టిపడింది, ఆపరేషన్ అక్కర్లేదు, ఏడాదికోసారి చూస్తే చాలన్నారు. పశువుల డాక్టర్‌తో మంద దగ్గరి మూడు కుక్కలకు ప్రాజిక్వాంటెల్ అనే బద్దెపురుగు మాత్రలు వేయించాం, ఇప్పుడు క్రమం తప్పకుండా వేయిస్తున్నాడు తమ్ముడు. మొన్న ఊర్లో గొర్రెను కోసినప్పుడు కార్జం మీద మళ్లీ రెండు బుగ్గలు కనిపించాయి. మా నాయిన ఆ ముక్క కోసి, కుక్కలు చూస్తుండగానే పక్కన పెట్టి, పార తీసుకుని మోకాలి లోతు గుంట తవ్వి పూడ్చి, పైన బండ పెట్టి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు.